ఇంజెక్షన్ మందు సీసా: సూది గుచ్చకముందు చూడవలసినవి

గత వేసవిలో ఒక సాయంత్రం బడి గంట కొట్టిన తర్వాత, మా ఊరి క్యాంపు వైపు నుండి ఒక తల్లి చేతిసంచితో నా వద్దకు వచ్చింది. సంచిలో మూడు వస్తువులు ఉన్నాయి. కన్నడంలో వ్రాసిన ఆస్పత్రి చీటీ ఒకటి, హద్దు దాటి ఆంధ్రలోని పట్టణంలో కొన్న ఇంజెక్షన్ సీసా ఒకటి, దానితో పాటు ఇచ్చిన నీటి ఆంప్యూల్ ఒకటి. "సార్, పొద్దున మా మామకు ఈ సూది వేయించాల. ఇది అదేనా, మంచిదేనా, కొంచెం చదివి చెప్పండి" అని అడిగింది. చీటీలోని పేరు, సీసా మీది పేరు ఒకటే. మోతాదు కూడా సరిపోయింది. కాని సీసా గడువు అప్పటికి రెండు నెలల క్రితమే తీరిపోయింది. మరునాడు దుకాణదారుడు మారుమాట లేకుండా వేరే సీసా ఇచ్చాడు. ఆమె చదువు రానిది కాదు. తెలుగు చక్కగా చదువుతుంది. సీసా మీద తెలుగు లేదు, అంతే.

బళ్ళారి, రాయచూరు, పావగడ, హోసూరు, రాయగడ, సిరొంచ ప్రాంతాల తెలుగు ఇళ్ళలో ఇది క్రొత్త సంగతి కాదు. వైద్యుని చీటీ ఒక లిపిలో, బిడ్డ టీకా కార్డు మరొక లిపిలో, మందు సీసా ఇంగ్లీషులో ఉంటాయి. ఏ మందు వాడాలో నిర్ణయించేది వైద్యుడే. అయినా ఆ మందు ఉన్న సీసా ఏ స్థితిలో ఉన్నదో చూడటం రోగి వెంట వచ్చిన మనిషికి సాధ్యమైన పని. మాత్ర నోటి ద్వారా పోయి కడుపులోని ఆమ్లాన్ని దాటి రక్తంలో కలుస్తుంది. సూది మందుకు ఆ కాపలా లేదు. సీసాలో ఏ దోషమున్నా నేరుగా ఒంట్లోకి చేరుతుంది.

సీసా నిర్మాణం

ఇంజెక్షన్ మందులు ప్రధానంగా రెండు విధాలైన గాజు పాత్రలలో వస్తాయి. మెడ విరిచి తెరిచేది ఆంప్యూల్. దానికి మూత ఉండదు, గాజునే కరిగించి మూసివేస్తారు. విరిచిన తర్వాత అందులో మిగిలిన మందును దాచుకోరాదు. రెండవది వయల్. దీనికి రబ్బరు మూత, ఆ మూతను బిగించి పట్టే అల్యూమినియం పట్టీ, పైన రంగు ప్లాస్టిక్ బిళ్ళ ఉంటాయి. మన ప్రజలు ఇంజెక్షన్ సీసా అన్నప్పుడు ఎక్కువగా వారి మనస్సులో ఉండేది ఈ వయలే.

ఈ సీసాను క్రిమిరహితం చేసే విధానం తెలిస్తే దానిని ఎంత జాగ్రత్తగా చూడాలో అర్థమవుతుంది. కర్మాగారంలో సీసాలను శుద్ధజలంతో కడిగి, సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడిగాలి సొరంగం గుండా పంపుతారు. ఆ వేడికి సూక్ష్మజీవులు చావడమే కాక, చచ్చిన బాక్టీరియా విడిచే ఎండోటాక్సిన్లనే విషపదార్థాలు కూడా నశిస్తాయి. రబ్బరు మూతలను వేరుగా, ఒత్తిడిలో ఉన్న 121 డిగ్రీల ఆవిరితో శుద్ధి చేస్తారు. ఇంట్లో మరిగే నీరు 100 డిగ్రీలు దాటదు. కొన్ని బాక్టీరియా బీజాలు ఆ వేడిని తట్టుకొని బ్రతుకుతాయి, ఎండోటాక్సిన్ల సంగతి చెప్పనక్కరలేదు. నా చిన్నతనంలో మా ఊరి కాంపౌండరు ఒకే గాజు సిరంజీని స్టీలు డబ్బాలో మరిగించి వరుసగా అందరికీ సూది వేసేవాడు. ఆ నీటి ఆవిరి చూసి మేము భయపడేవాళ్ళం, పెద్దలు ధైర్యపడేవారు. ఇప్పుడు ఆలోచిస్తే మా భయమే సబబు అనిపిస్తుంది.

ఈ మధ్య అంతర్జాలంలో ఖాళీ స్టెరైల్ సీసాలు కూడా అమ్ముతున్నారు. ప్రయోగశాలలకు, మందులు తయారుచేసేవారికి ఉద్దేశించిన సరుకు అది. ఒక ఇన్సులిన్ సీసాను అన్నదమ్ముల రెండు ఇళ్ళు పంచుకోవాలని, సగం మందు వేరే సీసాలోకి మార్చుకున్న ఉదంతం నాకు తెలుసు. సీసా క్రిమిరహితమైనదే కావచ్చు, మార్చిన చేయి, సూది, గాలి అలాంటివి కావు. పైగా క్రొత్త సీసా మీద పేరు లేదు, గడువు లేదు. మందును దాని సొంత సీసా నుండి మరొక సీసాలోకి ఇంట్లో ఏ కారణం చేతనూ మార్చరాదు.

గాజులో కూడా తరగతులు ఉన్నాయి. మొదటి తరగతి బోరోసిలికేట్ గాజు. జర్మనీలో ఆటో షాట్ 19వ శతాబ్దం చివరిలో రూపొందించిన ఈ గాజు వేడికీ రసాయనాలకూ బాగా తట్టుకుంటుంది, మందులోకి తన లవణాలను విడవదు. రెండవది లోపలి తలాన్ని శుద్ధి చేసిన మామూలు సున్నపు గాజు, మూడవది శుద్ధి చేయనిది. ఏ మందుకు ఏ గాజు అన్నది తయారీదారు బాధ్యత. కంటితో చూసి పోల్చడం మనకు సాధ్యం కాదు, చీటీ మీద కూడా వ్రాయరు. గోధుమరంగు గాజు మాత్రం గుర్తించదగినది. వెలుతురుకు చెడిపోయే మందును అందులో పోస్తారు. అటువంటి సీసాను అట్టపెట్టెలో నుండి తీసి కిటికీ గట్టు మీద పెట్టడం తగదు.

చీటీ చదివే విధం

సీసా చిన్నది, దాని మీది అక్షరాలు ఇంకా చిన్నవి. ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసి చదవడం ఉత్తమం. మొదట మందు పేరు, దాని క్రింద బలం (ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని యూనిట్లు) వైద్యుని చీటీతో సరిపోల్చాలి. కంపెనీ పెట్టిన పేరు పెద్ద అక్షరాలలో ఉంటుంది, అసలు మందు పేరు వేరుగా ఉంటుంది. సరిపోల్చవలసినది అసలు పేరును.

ఇ, ఎక్స్, పి అనే మూడు ఇంగ్లీషు అక్షరాల ప్రక్కన ఉండేది గడువు. 08/2027 అని ఉంటే ఆగస్టు నెల 31వ తేదీ వరకు వాడవచ్చునని అర్థం, ఆగస్టు ఒకటితో ముగిసిందని కాదు. బి. నెం. లేదా లాట్ అని ఉండేది బ్యాచ్ సంఖ్య. సీసా మీది బ్యాచ్ సంఖ్య, అట్టపెట్టె మీది బ్యాచ్ సంఖ్య, బిల్లులో వ్రాసినది మూడూ ఒకటే కావాలి. వేరైతే అడగాలి. 2023 ఆగస్టు 1 నుండి మన దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే 300 మందుల బ్రాండ్ల మీద బార్ కోడ్ గాని క్యూఆర్ కోడ్ గాని తప్పనిసరి అయింది. ఆ జాబితాలోని మందు అయితే ఫోనుతో పరీక్షించి తయారీదారు, బ్యాచ్, గడువు తెలుసుకోవచ్చు. జాబితాలో లేని మందు మీద కోడ్ లేకపోవడం నకిలీకి గుర్తు కాదు.

ఐ.ఎం. అంటే కండరానికి, ఐ.వి. అంటే నరానికి, ఎస్.సి. అంటే చర్మం క్రింద ఇచ్చేది. ఇది సూది వేసేవారు చూసుకొనే విషయమే. అయినా తుంటికి వేయబోతున్న సీసా మీద ఐ.వి. అని మాత్రమే ఉంటే మర్యాదగా అడగడంలో తప్పు లేదు. సింగిల్ డోస్ అని ఉంటే ఒక్కరికి ఒక్కసారికే. అందులో సూక్ష్మజీవులను అడ్డుకొనే నిల్వకారి ఉండదు, కాబట్టి మిగిలినది పారవేయాలి. మల్టీ డోస్ అని ఉన్న సీసాను చాలాసార్లు వాడవచ్చు.

తరువాత సీసాను వెలుతురుకు ఎత్తి చూడాలి. గాజుకు పగులు, మెడ దగ్గర తడి, రబ్బరు మూతకు ముందే పడిన రంధ్రం, ఊడి మళ్ళీ అతికించినట్లున్న బిళ్ళ, నలిగిన అల్యూమినియం పట్టీ, వీటిలో ఏది కనిపించినా ఆ సీసా వద్దు. ద్రవంలో తేలే నూగు, గాజు రేణువులు, మునుపు లేని మసక కూడా అంతే. రంగు విషయంలో మాత్రం తొందరపడరాదు. పొడిని కలిపిన తర్వాత కొన్ని యాంటీబయాటిక్ మందులు లేత పసుపుగా ఉండటం సహజం. బిళ్ళను మన ఎదుట తీయించాలి. తీసిన తర్వాత రబ్బరు మూతను స్పిరిట్ దూదితో తుడిచి, అది ఆరిన తర్వాతే సూది గుచ్చాలి. బిళ్ళ దుమ్మును ఆపుతుందే గాని దాని క్రింది తలం శుద్ధమని హామీ ఇవ్వదు.

పల్లెలలో నేను కళ్ళారా చూసిన చెడ్డ అలవాటు ఒకటి చెప్పాలి. పెద్ద సీసా రబ్బరు మూతలో ఒక సూదిని గుచ్చి అలాగే వదిలేసి, రోజంతా వచ్చినవారికి దాని ద్వారానే మందు తీస్తారు. ఆ సూది సీసాకు తెరిచిన తలుపు వంటిది. ఇంకా ప్రమాదకరమైనది వాడిన సిరంజీకి క్రొత్త సూది మాత్రం తొడిగి మళ్ళీ సీసాలో ముంచడం. ఒకరి రక్తపు జాడ సిరంజీలో మిగిలి, సీసాలోకి చేరి, తరువాతి పదిమందికీ పోతుంది. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో హెపటైటిస్ బి వ్యాపించి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. వాడిన సిరంజీలను, సూదులను మళ్ళీ వాడటమే అక్కడ కారణంగా తేలింది.

ఇన్సులిన్ సీసా

సరిహద్దు పల్లెలలో ఇంటి మనిషే సూది వేసే మందు ఎక్కువగా ఇన్సులినే. అందుచేత దీనికి కొంచెం ఎక్కువ చోటు ఇస్తున్నాను. మన దేశంలో దుకాణాలలో దొరికే ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. 10 మిల్లీలీటర్ల సీసాలో 400 యూనిట్లు ఉంటాయి. దానికి వాడే సిరంజీ మూత ఎర్రగా ఉంటుంది. అమెరికాలోను, మరికొన్ని దేశాలలోను సీసా 100 యూనిట్లది, సిరంజీ మూత నారింజ రంగు. విదేశంలో ఉన్న కొడుకో కూతురో ప్రేమతో తెచ్చిన ఇన్సులిన్‌ను ఇంట్లోని ఎర్రమూత సిరంజీతో తీస్తే ఏమవుతుందో లెక్క వేయండి. 20 గీత వరకు తీస్తే అది అర మిల్లీలీటరు. 40 యూనిట్ల సీసాలో అది 20 యూనిట్లే, 100 యూనిట్ల సీసాలో అదే 50 యూనిట్లు. రెండున్నర రెట్లు! రాత్రి వేసుకొని పడుకున్న ముసలివారు చక్కెర పడిపోయి తెల్లవారి లేవకపోవచ్చు. నా విద్యార్థులకు నిష్పత్తి పాఠంలో ఈ లెక్కనే ఇస్తుంటాను. ఇంట్లో నాయనమ్మ సిరంజీ మూత రంగు చూసి రమ్మంటాను.

మామూలు రెగ్యులర్ ఇన్సులిన్ నీటివలె తేటగా ఉండాలి. అది మసకబారితే పనికిరాదు. 30/70 అనే మిశ్రమం సహజంగానే పాలవలె తెల్లగా ఉంటుంది. అడుగున పేరుకొన్న మందు కలిసేటట్లు సీసాను రెండు అరచేతుల మధ్య పదిసార్లు మెల్లగా దొర్లించాలి, గిలకొట్టరాదు. దొర్లించినా గడ్డలు మిగిలినా, గోడకు మంచు పట్టినట్లు తెల్లని పొర అంటుకొన్నా పారవేయాలి. మందు ఒకసారి గడ్డకట్టి కరిగితే చూపుకు బాగున్నా అది చెడినట్లే.

తెరవని సీసాను 2 నుండి 8 డిగ్రీల చలిలో, అంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. మంచుగడ్డల అరలో కాదు, దాని గోడకు ఆనించి కూడా కాదు. వాడుకలో ఉన్న సీసాను సాధారణంగా నాలుగు వారాలు గది ఉష్ణోగ్రతలో ఉంచవచ్చు. కచ్చితమైన గడువు పెట్టెలోని కాగితంలో ఉంటుంది. తెరిచిన తేదీని సీసా మీద పెన్నుతో వ్రాయడం మరువరాదు. అయితే ఆ కాగితంలో చెప్పిన గది 25 లేక 30 డిగ్రీలకు మించనిది. మన వేసవి గది అటువంటిది కాదు. బళ్ళారి, రాయచూరు ఎండలలో రేకుల ఇల్లు ఎంత కాగుతుందో అందరికీ తెలిసినదే. ఫ్రిజ్ లేని ఇంట్లో మట్టికుండ మంచి ఉపాయం. పెద్ద కుండలో ఇసుక పోసి తడిపి, దానిలో చిన్న కుండ నిలిపి, సీసాను మూతగల ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి లోపల ఉంచి, పైన తడిగుడ్డ కప్పాలి. ఇసుకను రోజుకు రెండుసార్లు తడపాలి. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుంది. పొడిగాలి ఉన్న చోట ఇది బాగా పనిచేస్తుంది. యానాం, ఒడిశా తీరం వంటి ఉక్కపోత ప్రాంతాలలో గాలిలోనే తేమ నిండి ఉంటుంది గనుక కుండ అంతగా చల్లబడదు. అక్కడివారు ఫ్రిజ్ ఉన్న ఇంటివారి సాయం అడగడం మేలు.

టీకా సీసా, పాము మందు

టీకా సీసా మీద ఒక చిన్న గుండ్రటి గుర్తు ఉంటుంది, దాని మధ్యలో చతురస్రం. చతురస్రం చుట్టూ ఉన్న వృత్తం కంటే లేతగా ఉంటే టీకా వేయవచ్చు. రెండూ ఒకే రంగుకు వచ్చినా, చతురస్రం ముదిరినా ఆ సీసా వేడికి పాడైనట్లు. భాషతో పని లేకుండా చదవగలిగిన గుర్తు ఇదొక్కటే, తల్లులందరూ నేర్చుకోవాలి. అయితే ఇది వేడిని మాత్రమే చెబుతుంది, గడ్డకట్టి చెడిన సంగతి చెప్పదు.

బి.సి.జి., మీజిల్స్-రుబెల్లా టీకాలు పొడిగా వస్తాయి. వాటితో వచ్చిన ద్రావణంతోనే కలిపి, నాలుగు గంటలలో వాడి, మిగిలినది పారవేయాలి. కలిపిన సమయం సీసా మీద వ్రాసి ఉండాలి. పెంటావాలెంట్ వంటి ద్రవ టీకాల తెరిచిన సీసాలను మాత్రం, చలి తప్పకుండా కాపాడి ఉంటే, 28 రోజుల వరకు వాడవచ్చునని ప్రభుత్వ నియమం. 2021లో కరోనా టీకాకు పదిమంది పోగయ్యే వరకు మనల్ని కూర్చోబెట్టినది ఈ లెక్క వల్లనే. సీసా తెరిస్తే గంటలలో ముగించాలి.

కలిపే ద్రావణం విషయంలో ఏమరుపాటు ఎంతటిదో 2014 సెప్టెంబరులో సిరియాలోని ఇద్లిబ్ ప్రాంతంలో కనిపించింది. మీజిల్స్ టీకాలో కలపవలసిన ద్రావణానికి బదులు, చూడటానికి అటువంటిదే అయిన అట్రాక్యూరియం సీసా వాడారు. అది శస్త్రచికిత్సలో కండరాలను సడలించే మందు. పదిహేనుమంది పిల్లలు చనిపోయారు. చదవకుండా ఎత్తిన సీసా ఫలితం అది.

పాముకాటు మందును ఇంట్లో గాని, ఊరి దుకాణంలో గాని వెదకవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర ఈ నాలుగింటికీ ఒకే మందు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా ఇస్తారు. పొడిగా ఉన్న సీసాలో పది మిల్లీలీటర్ల శుద్ధజలం కలిపి, నురగ రాకుండా మెల్లగా త్రిప్పి, నరం ద్వారా ఎక్కిస్తారు. ఒక్క సీసాతో సరిపోదు, వికటిస్తే చికిత్స చేసే ఏర్పాటు కూడా ఉండాలి. కుటుంబం చేయవలసినది త్వరగా చేర్చడమే.

కంటికి కనబడనిది

ఇంతవరకు చెప్పినవన్నీ కంటితో పట్టగలిగినవి. అన్నీ అలా దొరకవు. 2024 నవంబరులో బళ్ళారి ఆస్పత్రిలో శస్త్రచికిత్సతో ప్రసవించిన తల్లులు కొందరు వరుసగా మరణించారు. వారికి ఎక్కించిన రింగర్ లాక్టేట్ ద్రావణం మీద అనుమానం పడి, ప్రభుత్వం దాని వాడకాన్ని నిలిపివేసింది. అటువంటి ద్రావణంలో ఎండోటాక్సిన్ ఉన్నా నీరు తేటగానే ఉంటుంది, మూత బిగుతుగానే ఉంటుంది, గడువు కూడా మిగిలే ఉంటుంది. ఇంటివారు వెలుతురుకు ఎత్తి ఎంతసేపు చూసినా తెలియదు. అది ప్రయోగశాల పని, దానిని సకాలంలో చేయించడం ప్రభుత్వం పని. ఆ బాధ్యతను రోగి బంధువుల మీదికి నెట్టడం న్యాయం కాదు.

అయినా మన చేతిలో ఒకటి ఉన్నది, బ్యాచ్ సంఖ్య. ఏ మందు ఎవరికి హాని చేసిందో వెదకడానికి అధికారులకు దొరికే కొస అదే. సూది వేయించిన తర్వాత చలిజ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి, సీసాను, బిల్లును వెంట తీసుకుపోవాలి. ఒక రాష్ట్రంలో కొని మరొక రాష్ట్రంలో వేయించుకొనే మనవంటివారికి ఇది మరీ అవసరం. అక్కడి అధికారి ఇక్కడి దుకాణాన్ని వెదకాలంటే బిల్లు తప్ప వేరే దారి లేదు. బిల్లు లేకుండా పది రూపాయలు తగ్గించి ఇస్తామన్న చోట ఇంజెక్షన్ మందు కొనవద్దు.

ఖాళీ సీసాలను అలాగే చెత్తలో వేయరాదు. 2021లో రెమ్‌డెసివిర్ కొరత సమయంలో ఖాళీ సీసాలలో వేరే మందు, సెలైను నింపి అమ్మినవారిని పోలీసులు పట్టుకున్నారు, మైసూరులో కూడా ఈ బాగోతం బయటపడింది. చీటీని గోకి చించివేయాలి, మూతను పొడిచి పాడుచేయాలి. సూదులను దళసరి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి, నిండిన తర్వాత ఆరోగ్య కేంద్రంలో అప్పగించాలి. ఇంజెక్షన్ సీసాల రబ్బరు మూతలతో బండి చక్రాలు చేసుకొని ఆడుకున్న తరం మాది. మొన్న నాలుగో తరగతి పిల్లవాడు అటువంటి చక్రాల బండినే బడికి తెచ్చాడు. ఒక చక్రంలో విరిగిన సూది ముక్క ఇంకా ఉన్నది.